రసాయన సందేహాలు: సీసా మీది చీటీ చదవండి, సమీకరణం మీరే రాయండి

ప్రవేశ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంట్లో వాడే పదార్థాల రసాయన శాస్త్రం గురించే. ఒకే సందేహం చాలామంది అడిగిన చోట అందరి తరఫునా ఒక్క ఉత్తరం తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, సబ్బులు, బ్లీచింగ్ పొడి, సోడాలు, యాంటాసిడ్లు అన్నీ నాకు పేర్ల పట్టికలాగే కనిపిస్తున్నాయి. రాత్రి బట్టీపట్టినవి తెల్లవారేసరికి మిగలడం లేదు. పరీక్షకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. వీటిని ఎలా తిరగేయాలి?

జవాబు: పట్టిక మూసెయ్యమ్మా. పేరు ఒకవైపు, ఉపయోగం మరోవైపు రాసుకుని చదివితే ఎవరికైనా మరుపు వస్తుంది, ఎందుకంటే ఆ రెండింటినీ కలిపే కారణం అందులో లేదు. ఆ కారణమే రసాయన చర్య. ఇంట్లో ఉన్న ఒక్కో పదార్థాన్ని తీసుకుని దాని మీది చీటీ చదువు. పనిచేసే పదార్థం పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. అది చేసే పని ఆమ్ల, క్షార చర్యా, ఆక్సీకరణమా, అవక్షేపం ఏర్పడటమా, లేక నూనెకూ నీటికీ మధ్య తలంలో జరిగే వ్యవహారమా అని ముందు తేల్చుకో. ఇంట్లో శుభ్రం చేయడానికి వాడేవన్నీ దాదాపు ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాయి.

బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్ ద్రావణాన్నే చూద్దాం. చీటీ మీద సోడియం హైపోక్లోరైట్ అని ఉంటుంది. దాన్ని ఎలా తయారుచేస్తారు? చల్లని, విలీన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోకి క్లోరిన్ వాయువును పంపుతారు. ఒక మోల్ క్లోరిన్, రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కలిసి సోడియం క్లోరైడ్, సోడియం హైపోక్లోరైట్, నీరు ఒక్కొక్క మోల్ చొప్పున ఇస్తాయి. ఇప్పుడు క్లోరిన్ ఆక్సీకరణ సంఖ్యలు వేసి చూడు. మొదట సున్నా. తరువాత క్లోరైడ్‌లో మైనస్ 1, హైపోక్లోరైట్‌లో ప్లస్ 1. ఒకే మూలకం ఒకే చర్యలో ఆక్సీకరణమూ క్షయకరణమూ చెందింది, అంటే ఇది డిస్‌ప్రపోర్షనేషన్. అదే హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢంగా, వేడిగా ఉంటే క్లోరిన్ ప్లస్ 5 దాకా వెళ్లి క్లోరేట్ అవుతుంది. అప్పుడు మూడు మోల్‌ల క్లోరిన్‌కు ఆరు మోల్‌ల హైడ్రాక్సైడ్ కావాలి, ఐదు మోల్‌ల క్లోరైడ్, ఒక మోల్ క్లోరేట్, మూడు మోల్‌ల నీరు వస్తాయి. ఉష్ణోగ్రత, గాఢత మారితే ఉత్పన్నం మారిపోయే ఈ జంటను పరీక్షలు రాసేవారు ఎప్పటికీ వదలరు.

మరక ఎలా పోతుంది? హైపోక్లోరైట్‌లోని ప్లస్ 1 క్లోరిన్ మరకలోని రంగు అణువును ఆక్సీకరించి, తాను మైనస్ 1కి దిగుతుంది. రంగుకు కారణమైన బంధాల అమరిక చెదిరిపోతుంది కాబట్టి రంగు పోతుంది. ఇక బ్లీచింగ్ పొడి వేరే పాఠమేమీ కాదు. అక్కడ సోడియం హైడ్రాక్సైడ్ స్థానంలో పొడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అంతే. ఛార్లెస్ టెనంట్ 1799లో పేటెంటు తీసుకున్నది ఈ పొడికే. వాయువును పొడిలో బంధించడం వల్ల బ్లీచింగ్‌ను మోసుకెళ్లడం సాధ్యమైంది. మూత తీసి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దానితో చర్య జరిపి కాల్షియం కార్బొనేట్‌ను మిగిల్చి క్లోరిన్‌ను బయటికి పంపుతుంది, అందుకే పాతబడిన పొడికి బలం తగ్గుతుంది. ఆ బలాన్ని కొలిచే పద్ధతి అంశమాపన (టైట్రేషన్) పాఠంలో వస్తుంది. ఆమ్లం సమక్షంలో పొటాషియం అయోడైడ్ కలిపితే ఒక్కో మోల్ క్లోరిన్‌కు ఒక్కో మోల్ అయోడిన్ విడుదలవుతుంది, దానికి రెండు మోల్‌ల థయోసల్ఫేట్ ఖర్చవుతుంది.

చూశావా, ఒక్క సీసా నుంచి హాలోజన్లు, ఆక్సీకరణ సంఖ్యలు, అంశమాపనం మూడూ కదిలాయి. రోజుకు ఒక్క పదార్థం చాలు. పుస్తకం చూసి కాదు, మూసి రాయాలి. ఎక్కడ ఆగిపోయావో అక్కడే పుస్తకం తెరువు. మరునాడు కొత్త పదార్థం మొదలుపెట్టే ముందు నిన్నటి సమీకరణాన్ని తెల్లకాగితం మీద మళ్లీ రాయి, వారం తరువాత ఇంకోసారి రాయి. చదివినట్టు అనిపించడం వేరు, రాయగలగడం వేరు. పరీక్ష రెండోదాన్నే కొలుస్తుంది.

ప్రశ్న: బేకింగ్ సోడా, వాషింగ్ సోడా, కాస్టిక్ సోడా మూడింటి మధ్య ఎప్పుడూ తికమక పడుతున్నాను. అన్నీ సోడియం సమ్మేళనాలే, అన్నీ క్షారాలే. తేడా ఎలా పట్టుకోవాలి?

జవాబు: మూడింటినీ ఒకే మెట్ల వరుసలో నిలబెట్టు. కాస్టిక్ సోడా సోడియం హైడ్రాక్సైడ్, బలమైన క్షారం, చర్మాన్ని తినేస్తుంది. దానిలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే మొదట సోడియం కార్బొనేట్ వస్తుంది. పది నీటి అణువులతో స్ఫటికమైతే అదే వాషింగ్ సోడా. ఇంకా కార్బన్ డయాక్సైడ్ పంపితే సోడియం బైకార్బొనేట్, అంటే బేకింగ్ సోడా. మెట్టు దిగుతున్నకొద్దీ క్షారగుణం తగ్గుతుంది. కార్బొనేట్ ద్రావణం పీహెచ్ సుమారు 11, బైకార్బొనేట్‌ది సుమారు 8.3.

ఈ 8.3 సంఖ్యను జాగ్రత్తగా దాచుకో. ఫినాల్ఫ్తలీన్ అనే సూచిక, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని బట్టి రంగు మార్చే పదార్థం, గులాబీ రంగు కోల్పోయేది సరిగ్గా ఈ ప్రాంతంలోనే. కాబట్టి కార్బొనేట్‌ను ఆమ్లంతో అంశమాపనం చేస్తే ఫినాల్ఫ్తలీన్ సగం దారిలో, అంటే కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారగానే రంగు పోగొట్టుకుంటుంది. మిగతా సగాన్ని మిథైల్ ఆరెంజ్ అనే మరో సూచిక చూపిస్తుంది. రెండు సోడాలూ కలిసిన మిశ్రమానికి ఫినాల్ఫ్తలీన్‌తో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, ఆపైన అదే ద్రావణానికి మిథైల్ ఆరెంజ్‌తో మరో 15 మిల్లీలీటర్లు పట్టాయనుకో. కార్బొనేట్‌కు మొదటి సగంలో 10, రెండో సగంలోనూ 10, మొత్తం 20. మిగిలిన 5 మిల్లీలీటర్లే మొదటినుంచీ మిశ్రమంలో ఉన్న బైకార్బొనేట్‌వి. సూత్రం గుర్తులేకపోయినా ఈ మెట్లు గుర్తుంటే లెక్క వస్తుంది.

వేడిచేస్తే దారి వెనక్కి తిరుగుతుంది. రెండు మోల్‌ల బైకార్బొనేట్, అంటే 168 గ్రాములు, 106 గ్రాముల కార్బొనేట్‌ను మిగిల్చి 18 గ్రాముల నీటిని, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను పోగొట్టుకుంటాయి. 8.4 గ్రాములు తీసుకుంటే బరువు 3.1 గ్రాములు తగ్గాలి. నువ్వే వేసి చూసుకో. బేకింగ్ పౌడర్‌లో దీనికి టార్టారిక్ ఆమ్లం వంటి ఘన ఆమ్లమూ, తేమను పీల్చుకునే పిండిపదార్థమూ తోడవుతాయి. ఆమ్లం లేకుండా బైకార్బొనేట్ ఒక్కదాన్నే వేడిచేస్తే కార్బొనేట్ మిగిలిపోతుంది, రుచి చేదెక్కుతుంది.

వాషింగ్ సోడా స్ఫటికాలు గాలిలో పొడిబారడం కూడా అడుగుతారు. ఒక మోల్ బరువు 286 గ్రాములైతే అందులో 180 గ్రాములు నీరే. గాలికి పెడితే తొమ్మిది నీటి అణువులు పోయి ఒక్కటి మిగులుతుంది.

తయారీలో సాల్వే పద్ధతి ఉంది. ఎర్నెస్ట్ సాల్వే 1861లో రూపొందించిన ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇదంతా ద్రావణీయత మీద నడిచే తెలివి. అమోనియాతో సంతృప్తమైన ఉప్పునీటిలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే అమ్మోనియం బైకార్బొనేట్ ఏర్పడి ఉప్పుతో చర్య జరుపుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో ఉప్పు 36 గ్రాముల దాకా కరిగితే సోడియం బైకార్బొనేట్ 10 గ్రాములు కూడా కరగదు, కాబట్టి అదే అడుగుకు దిగుతుంది. దాన్ని వడకట్టి వేడిచేస్తే కార్బొనేట్. మిగిలిన అమ్మోనియం క్లోరైడ్‌కు సున్నం కలిపి అమోనియాను తిరిగి రాబడతారు, కాల్షియం క్లోరైడ్ ఉపఉత్పన్నం. మరి పొటాషియం కార్బొనేట్‌ను ఇలా ఎందుకు తయారుచేయలేరు? పొటాషియం బైకార్బొనేట్ నీటిలో బాగా కరుగుతుంది, అవక్షేపంగా దిగదు. కారణం తెలిసినవాడికి ఇది అరనిమిషం ప్రశ్న.

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ప్రవేశ పరీక్ష రాస్తున్నాడు. చేతితో చేసి చూస్తే బాగా గుర్తుంటుందని ఇంట్లో ఉన్న రకరకాల క్లీనర్లను కలిపి చూస్తానంటున్నాడు. చదువు కోసమే కదా అని ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. ఈ విషయంలో మీరు గట్టిగా ఉండాలని నా విన్నపం. పైన చెప్పిన బ్లీచ్ ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే తయారీ చర్య వెనక్కి తిరిగి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన స్నానాల గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమీన్లు వస్తాయి, అవీ విషవాయువులే. డ్రైన్ క్లీనర్లలోని కాస్టిక్ సోడా అల్యూమినియం పాత్రకు తగిలితే హైడ్రోజన్ పుడుతుంది, పైగా విపరీతమైన వేడి. ఈ మూడు సమీకరణాలూ పరీక్షకు అవసరమే, కానీ కాగితం మీద.

చేతితో చేయాలన్న అతని కోరిక మంచిదే, దాన్ని అణచవద్దు. వెనిగర్‌లో చిటికెడు బేకింగ్ సోడా వేసి, మూత లేని గ్లాసులో నురుగు చూడనివ్వండి. సీసాలో పోసి బిరడా బిగించకూడదు, వాయువు ఒత్తిడికి సీసా పగులుతుంది. పసుపు కలిపిన నీటిలో కాగితం ముక్కలు ముంచి ఆరబెట్టి, వాటి మీద సబ్బునీరు, వాషింగ్ సోడా నీరు, వెనిగర్ ఒక్కో చుక్క వేయమనండి. క్షారం తగిలిన చోట కాగితం ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలిన చోట పసుపుగానే ఉంటుంది. ఎర్రబడిన మచ్చ మీద వెనిగర్ చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది. సూచిక అంటే ఏమిటో దీనికంటే సూటిగా చెప్పే ప్రయోగం లేదు.

ప్రశ్న: కఠిన జలంలో సబ్బు నురగదు, డిటర్జెంట్ నురుగుతుంది అని చదివాను. దీని మీద ఇంకేం అడగగలరు?

జవాబు: చాలా అడగగలరు. సబ్బు అంటే స్టియరిక్, పామిటిక్, ఓలియిక్ వంటి కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కొవ్వులో గ్లిజరాల్‌కూ కొవ్వు ఆమ్లాలకూ ఉన్న సంబంధాన్ని తేల్చి చెప్పినవాడు ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, 1823లో. క్షారంతో కొవ్వు ఎస్టర్ తెగితే ఒక్కో అణువుకు మూడు సబ్బు అణువులూ ఒక గ్లిజరాల్ అణువూ వస్తాయి కాబట్టి హైడ్రాక్సైడ్ లెక్క మూడు మోల్‌లు అన్నది మరవకు. పొటాషియం లవణాలు మెత్తని సబ్బులు.

కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సబ్బుతో కలిసి కరగని స్టియరేట్లుగా, తెట్టుగా తేలతాయి. ఆ అయాన్లన్నీ అయిపోయాకే నురుగు మొదలవుతుంది, అంతవరకూ సబ్బు వృథా. డిటర్జెంట్‌లో కార్బాక్సిలేట్ బదులు సల్ఫేట్, సల్ఫొనేట్ సమూహాలు ఉంటాయి. వాటి కాల్షియం లవణాలు నీటిలో కరుగుతాయి, కాబట్టి తెట్టు లేదు. ఇక్కడి నుంచి ఇంకో ప్రశ్న: సబ్బు నీరు క్షారగుణం చూపుతుంది, సోడియం లారిల్ సల్ఫేట్ నీరు దాదాపు తటస్థం, ఎందుకు? కొవ్వు ఆమ్లం బలహీన ఆమ్లం, దాని లవణం జలవిశ్లేషణ చెందుతుంది. సల్ఫేట్ వెనుక ఉన్నది బలమైన ఆమ్లం, దాని లవణానికి ఆ అవసరం లేదు. ఆమ్ల జలంలో సబ్బు పనిచేయకపోవడానికీ మూలం అదే, కొవ్వు ఆమ్లమే విడిపోయి తేలుతుంది.

జుట్టుకు వాడే కండిషనర్లలో ఉండేవి ధన విద్యుదావేశం గల డిటర్జెంట్లు, సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ వంటివి. తడి జుట్టు ఉపరితలం మీద ఋణావేశం ఉంటుంది, అవి అక్కడ అంటుకుని నిలుస్తాయి. శాఖలున్న హైడ్రోకార్బన్ గొలుసులను బ్యాక్టీరియా సులువుగా విచ్ఛిన్నం చేయలేదు, శాఖలు లేనివాటిని చేయగలదు. నదుల మీద నురుగు పేరుకున్నాక పరిశ్రమ తిన్నని గొలుసులకు మారింది. సబ్బు, డిటర్జెంట్ అణువులు నీటిలో గుంపుగా చేరి ఏర్పడే మిసెల్‌లో నూనెను ఇష్టపడే తోకలు లోపలికి, అయాన్ తలలు బయటికి ఉంటాయన్నది బొమ్మ వేసి నేర్చుకో, వాక్యంగా చదివితే పరీక్షలో తిరగబడుతుంది.

ప్రశ్న: హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద 10 వాల్యూం అని ఉంటుంది. దాన్ని శాతంలోకి, మోలారిటీలోకి మార్చడం ఎలా? సూత్రాలు కలిసిపోతున్నాయి.

జవాబు: సూత్రం వద్దు, నిర్వచనం పట్టుకో. 1 లీటరు ద్రావణం పూర్తిగా వియోగం చెందితే ప్రమాణ పరిస్థితులలో 10 లీటర్ల ఆక్సిజన్ ఇస్తుందని దాని అర్థం. రెండు మోల్‌ల పెరాక్సైడ్, అంటే 68 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్‌ను, అంటే 22.4 లీటర్లను ఇస్తాయి. 10 లీటర్లకు 68ని 10తో గుణించి 22.4తో భాగిస్తే సుమారు 30.4 గ్రాములు. లీటరుకు 30.4 గ్రాములంటే సుమారు 3 శాతం. 34తో భాగిస్తే 0.89 మోలార్. ప్రశ్నలో పీడనం 1 అట్మాస్ఫియర్ కాక 1 బార్ అని ఇస్తే మోలార్ ఘనపరిమాణం 22.7 లీటర్లు, అప్పుడు జవాబు 0.88కి జరుగుతుంది. ఇచ్చిన జవాబులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఈ తేడా పట్టిస్తుంది.

సీసా ముదురు రంగులో ఎందుకుంటుందంటే, వెలుతురు ఈ వియోగాన్ని వేగవంతం చేస్తుంది. ఇక్కడా ఆక్సిజన్ మైనస్ 1 నుంచి ఒకవైపు సున్నాకు, మరోవైపు మైనస్ 2కు వెళుతుంది. బ్లీచ్ దగ్గర చూసిన డిస్‌ప్రపోర్షనేషన్ మళ్లీ కనబడింది కదా.

ప్రశ్న: ఒకటి రెండు మార్కుల కోసం ఇంత శ్రమ అవసరమా? నిత్యజీవితంలో రసాయన శాస్త్రం అనే ఈ పాఠం వదిలేద్దామనుకుంటున్నాను.

జవాబు: ముందుగా మీరు రాసే పరీక్ష తాజా పాఠ్యప్రణాళిక తీసి చూడండి. ఈ పేరుతో పాఠం లేకపోతే మందుల, తీపి పదార్థాల జాబితాలను నిశ్చింతగా వదిలేయండి. కానీ పైన రాసినవేవీ ఆ పాఠం కోసం మాత్రమే చదివేవి కావు. పాఠం ఉన్నా లేకపోయినా సోడియం కార్బొనేట్, హైపోక్లోరైట్, పెరాక్సైడ్, మిసెల్ వేరే అధ్యాయాలలో ఉండనే ఉంటాయి. సమయం నిజంగా తక్కువైతే సోడాలు, బ్లీచ్ మొదట చూడండి. తరువాతే సబ్బు.

ప్రశ్న: యాంటాసిడ్లలో బైకార్బొనేట్ కంటే మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు మేలంటారు. ఎందుకు?

జవాబు: బైకార్బొనేట్ వెంటనే కరిగి ఒక్కసారిగా పనిచేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వల్ల కడుపు ఉబ్బుతుంది, మోతాదు మించితే కడుపులో క్షారగుణం ఏర్పడి మళ్లీ ఆమ్లం ఊరడానికి దారితీస్తుంది. హైడ్రాక్సైడ్లు నీటిలో చాలా తక్కువగా కరుగుతాయి, ఆమ్లం ఉన్నమేరకు నెమ్మదిగా కరుగుతూ దాన్ని తటస్థం చేస్తాయి. లెక్క కూడా వాటి పక్షానే ఉంది. ఒక మోల్ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి బైకార్బొనేట్ 84 గ్రాములు కావాలి, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 58లో సగం 29 గ్రాములు, అల్యూమినియం హైడ్రాక్సైడ్ 78లో మూడోవంతు 26 గ్రాములు చాలు.

ప్రశ్న: ఫినాల్ యాంటీసెప్టిక్కా, డిస్ఇన్ఫెక్టెంటా? రెండు పుస్తకాలలో రెండు రకాలుగా ఉంది.

జవాబు: రెండు పుస్తకాలూ సరైనవే, తేడా గాఢతలో ఉంది. 0.2 శాతం ద్రావణం యాంటీసెప్టిక్, 1 శాతం ద్రావణం డిస్ఇన్ఫెక్టెంట్. మొదటిది శరీరం మీద వాడే కోవలోది, రెండోది నేలకూ వస్తువులకూ మాత్రమే. ప్రశ్నలో శాతం ఇచ్చారో లేదో చూసి జవాబు గుర్తించండి.